10 పనిదినాలైంది, కన్సల్టెంట్ ఒక్క లైను కోడు రాయలేదు. ఇది మామూలేనా?

తొమ్మిదిమందిమి
మా టీమ్‌లో 9 మంది డెవలపర్లం. ప్రోడక్టుకు ఆరేళ్ళు. ఈ మధ్య ప్రతి రిలీజూ ఒక గండమే. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ఊడుతోంది. కస్టమర్ల ఆర్డర్ల పేజీ తెరుచుకోవడానికి 11 సెకన్లు పడుతోంది. చివరికి బయటినుంచి ఒక ఆర్కిటెక్చర్ కన్సల్టెంట్‌ని పెట్టారు. పెద్ద కంపెనీ మనిషి కాదు, సొంతంగా చేసుకునేవాడు, ఒక్కడే.

ఇవాళ్టికి 10 పనిదినాలు. ఆయన ఇంతవరకు కీబోర్డు మీద చెయ్యి పెట్టి కోడు రాసింది లేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్నలే ప్రశ్నలు. "ఈ టేబుల్‌లో స్టేటస్ ఉండగా మళ్ళీ స్టేటస్2 ఎందుకు?" "రిలీజ్ చేసే మనిషి సెలవు పెడితే ఎవరు చేస్తారు?" "బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చి చూసింది ఎప్పుడు?" నిన్న సపోర్టు వాళ్ళ దగ్గర అరపూట కూర్చున్నాడు. మీటరు రోజుల లెక్కన తిరుగుతోంది. ఈయన్ని పెడదామని పట్టుబట్టింది నేనే కాబట్టి టెన్షన్ నాకే. ఇది మామూలేనా, లేక మునిగామా?

బగ్గులబుట్ట
మీ అదృష్టం. మాకు వచ్చినాయన మొదటిరోజే కోడు రాశాడు. దాన్ని తీసెయ్యడానికి మాకు 4 నెలలు పట్టింది.

లాగ్‌ఫైలు
బ్యాకప్ ప్రశ్నకు మీవాళ్ళు ఏం జవాబు చెప్పారు?

తొమ్మిదిమందిమి
రోజూ రాత్రి తీస్తున్నాం అన్నాం. "తీస్తున్నారు సరే, వెనక్కి తెచ్చి చూశారా?" అన్నాడు. లేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

లాగ్‌ఫైలు
అయితే ఆయన్ని తిట్టుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (టీమ్‌లు కోడు దాచుకునే సర్వీసు నడిపే కంపెనీ) ఒక ఇంజినీరు రాత్రిపూట సమస్య సరిచేస్తూ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్ మీద డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశాడు. తీరా చూస్తే బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌లో ఎప్పటికప్పుడు నకలు ఉంచడం) అన్నీ కలిపి 5 ఏర్పాట్లున్నా సమయానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. అంతకు 6 గంటల ముందు ఎవరో వేరే పనికోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. వాళ్ళే దాచకుండా బయటపెట్టారు కాబట్టి మనకు తెలిసింది. మీ దగ్గరున్నది బ్యాకప్పో, బ్యాకప్ ఉందన్న నమ్మకమో ఇంకా తేలలేదు.

ఒంటెద్దుబండి
12 ఏళ్ళుగా నేను చేసేది ఇదే పని, ఒంటరిగానే. కాబట్టి నా మాటల్లో స్వార్థం ఎంతుందో అంత తీసేసి చదువుకోండి.

మొదటి రెండు వారాలు ప్రశ్నలతో గడవడం మామూలే. నేనైతే ముందు గిట్ చరిత్ర, అంటే కోడులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచే చిట్టా, చూస్తాను. ఏడాదిలో ఏ ఫైళ్ళు ఎక్కువసార్లు మారాయో, వాటిలో ఎన్నిసార్లు బగ్గు సరిచేయడానికే ముట్టుకున్నారో అందులో తెలుస్తుంది. ఎప్పుడూ మారేదీ ఎప్పుడూ చెడేదీ ఒకే ఫైలైతే పుండు అక్కడుందన్నమాట. తర్వాత సపోర్టు. అక్కడ తెలిసినన్ని సంగతులు ఏ డయాగ్రమ్‌లోనూ దొరకవు. ఒకచోట సపోర్టులో ఉన్న అమ్మాయి మాటల్లో మాటగా "బిల్లు రెండుసార్లు పడితే సాయంత్రం మేమే ఒకటి కొట్టేస్తాం కదండీ" అంది. రోజుకి పది పన్నెండు. ఆ టీమ్‌లో ఒక్క డెవలపరుకూ ఈ సంగతి తెలియదు. పేమెంటు వైపు నుంచి జవాబు ఆలస్యమైతే మన సర్వర్ అదే రిక్వెస్టును మళ్ళీ పంపుతోంది, రెండోసారి వచ్చింది పాతదేనని గుర్తుపట్టే ఏర్పాటు లేదు. ఆర్కిటెక్చర్ రివ్యూ అని నన్ను పిలిచారు, దొరికింది ఇది.

ఇంతకీ మీరు రాయనిది ఒకటుంది. ఆయన్ని పిలిచేటప్పుడు ఏం అడిగారు?

తొమ్మిదిమందిమి
"స్లోగా ఉంది, రిలీజులు పాడవుతున్నాయి, ఒకసారి చూసి చెప్పండి" అన్నాం. ఒప్పందంలో "ఆర్కిటెక్చర్ సేవలు, 30 రోజులు" అనే మాట తప్ప ఏమీ లేదు.

ఒంటెద్దుబండి
అదే అనుకున్నాను. ఆ మాటలో ఏదైనా పడుతుంది. ఉన్న సిస్టమ్ చూసి ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పమని నన్ను కొందరు పిలుస్తారు. చివరికి ఇచ్చేది ఒక రిపోర్టు. కొందరికి ఫలానా పేజీ వేగంగా రావాలి. అక్కడ ఇచ్చేది రిపోర్టు కాదు, ముందూ వెనకా కొలతలు. ఒక కంపెనీని కొనేముందు వాళ్ళ సాఫ్ట్‌వేర్ లోపల ఎలా ఉందో చూసిపెట్టమంటారు. సీటీఓ (కంపెనీలో టెక్నాలజీకి పెద్ద) వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చేదాకా వారానికి 2 రోజులు ఆ కుర్చీలో కూర్చోమంటారు. సీనియర్లను ఇంటర్వ్యూ చెయ్యమంటారు. ఒక్కోసారి ఏమీ లేదు, ఇద్దరు సీనియర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవట్లేదు, మధ్యలో కూర్చోవడానికి మూడో మనిషి కావాలి. దాన్నీ ఆర్కిటెక్చర్ అనే అంటారు!

మీ ఆయన ఏ పని చేస్తున్నట్టో ఆయన్నే అడగండి. రేపే. చివరిరోజు చేతికి ఏమొస్తుందో ఒక పేజీ రాసిమ్మనండి.

పెరటిచెట్టు
నేను రెండోవైపు మనిషిని. లోపలి డెవలపర్ని. మా దగ్గరకూ ఒకాయన వచ్చాడు. నన్ను 2 గంటలు కూర్చోబెట్టి అన్నీ చెప్పించుకున్నాడు. నెల తర్వాత అవే మాటలు, నేను వాడిన పోలికతో సహా, ఆయన స్లైడ్లలో కనబడ్డాయి. మావాళ్ళు తలలూపి బడ్జెట్ ఇచ్చేశారు. అవే మాటలు నేను రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? హ్యాండిల్ చూశారుగా.

సెమికోలన్
హ్యాండిల్ ఆ రోజే పెట్టుకున్నారా 😄

పెరటిచెట్టు
ఆ సాయంత్రమే.

ఒంటెద్దుబండి
@పెరటిచెట్టు మీ కోపం సబబే. నా రిపోర్టుల్లో సగానికి పైగా టీమ్ వాళ్ళు అప్పటికే చెప్పినవే ఉంటాయి. ఎవరు ఎప్పుడు చెప్పారో పేరుతో సహా రాస్తాను, అది రాయనివాడు దొంగ. కాకపోతే ఒక్క మాట. మీరు చెప్పినప్పుడు పైవాళ్ళు దాన్ని "ఈయనకు కొత్త టెక్నాలజీ మీద మోజు" అనో "పాత మేనేజర్ మీద కోపం" అనో చదువుకుంటారు. నాకు ఇంక్రిమెంటూ లేదు, ప్రమోషనూ లేదు. అందుకే నా మాట చెల్లుతుంది. ఇందులో తెలివితేటల ప్రసక్తి లేదు.

పెరటిచెట్టు
పేరు రాస్తే నాకు అభ్యంతరం లేదు. మాయన రాయలేదు.

కాలినచెయ్యి
మా కథ వినండి. మేం ఆరుగురం, ఒకే అప్లికేషన్, కుంటుతున్నా నడుస్తోంది. వచ్చినాయన మూడోరోజే బోర్డు మీద పెట్టెలు గీసేశాడు. మైక్రోసర్వీసులు, అంటే ఒకే అప్లికేషన్‌ను విడివిడిగా నడిచే చిన్న ముక్కలుగా కొయ్యడం. ఏడాది తిరిగేసరికి 23 సర్వీసులు. ఆరుగురికి 23! ఒక ఫీల్డు చేర్చాలంటే నాలుగు రిపాజిటరీలు (కోడు దాచే చోట్లు) తెరవాలి. ఏదైనా తప్పు జరిగితే ఏ సర్వీసులో జరిగిందో వెతకడానికే ఒక పూట. ఆయన 14వ సర్వీసు దగ్గరే వెళ్ళిపోయాడు. దూరపు కొండలు నునుపు అంటే ఏంటో మాకు అప్పుడు తెలిసింది.

2023లో అమెజాన్ ప్రైమ్ వీడియో వాళ్ళే తమ వీడియో నాణ్యతను కనిపెట్టి చూసే ఒక టూల్‌ను ముక్కల నుంచి మళ్ళీ ఒకే అప్లికేషన్‌గా కలిపి, దాని ఖర్చు 90 శాతం తగ్గించుకున్నామని చెప్పారు.

క్యూలో_ఉన్నా
ఆ ఉదాహరణ ప్రతి చర్చలోనూ వస్తుంది. అది వాళ్ళ సిస్టమ్‌లో ఒకే ఒక టూల్, మొత్తం ప్రైమ్ వీడియో కాదు. మీ దగ్గర తప్పు మైక్రోసర్వీసులది కాదు, ఆరుగురికి అవి పెట్టినవాడిది. సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరే వాళ్ళు తయారుచేసే సిస్టమ్‌లోకి దిగుతుందని మెల్విన్ కాన్వే 1968లోనే చెప్పాడు. ఒక్క గదిలో కూర్చునే ఆరుగురికి 23 గోడలు ఎందుకు? 200 మంది ఉన్నచోట గోడలు లేకపోతే అదీ నరకమే.

కాలినచెయ్యి
ఒప్పుకుంటాను. కానీ పెట్టినవాడు పోయాడు, గోడలు మిగిలాయి. నా బాధ అది. సలహా ఇచ్చి, దాని ఫలితం చూడకుండా వెళ్ళిపోయేవాణ్ణి ఎలా నమ్మాలి?

బగ్గులబుట్ట
పేజర్ ఇచ్చి నమ్మాలి. డిజైన్ చేసినవాడే మొదటి 3 నెలలు రాత్రి అలర్టులు తీసుకోవాలని రూలు పెట్టండి, పెట్టెల సంఖ్య దానంతటదే తగ్గుతుంది.

చిన్నక్షరాలు
ఎవరూ ఒప్పందం సంగతి ఎత్తట్లేదు. నేను ఇలాంటి కాగితాలు చదివే పనిలో ఉన్నాను, నాకు కనబడే గుంటలు చెప్తాను.

కోడు ఎవరిది? ఉద్యోగి రాస్తే కంపెనీది. బయటి మనిషి రాస్తే, చాలా దేశాల్లో, హక్కులు మీకు బదిలీ చేస్తున్నానని ఆయన రాసి సంతకం పెట్టకపోతే అది రాసినవాడిదే. డబ్బు కట్టేశాం కదా అంటే సరిపోదు. ఆయన తన పాత లైబ్రరీని తెచ్చి ఇందులో కలిపితే ఆ సంగతి విడిగా రాయించుకోవాలి.

రెండోది, ఆయన సూచించే క్లౌడ్ కంపెనీ నుంచో టూల్ అమ్మేవాళ్ళ నుంచో ఆయనకు కమిషన్ ఏమైనా వస్తుందా? మొహం మీద అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. స్వతంత్రం అన్న మాటకు అర్థమే అది.

ఇక యాక్సెస్. రివ్యూకు వచ్చిన మనిషికి ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, రాసే హక్కు ఎందుకు? చదివే హక్కు చాలు, అదీ ఆయన పేరుతో ఉన్న అకౌంటులో. వెళ్ళిన రోజే అది మూతపడాలి. నేను చూసినచోట, వెళ్ళి ఏడాదిన్నరైన కన్సల్టెంట్ కీ ఇంకా పనిచేస్తోంది. ఆయన మంచివాడు కాబట్టి ఆయనే ఫోన్ చేసి చెప్పాడు.

తొమ్మిదిమందిమి
@చిన్నక్షరాలు మాయనకు అడ్మిన్ పాస్‌వర్డే ఇచ్చేశాం. ఆయనే వద్దన్నాడు, చదివే అకౌంటు చెయ్యమన్నాడు. అప్పుడు చిరాకేసింది. ఇప్పుడర్థమైంది.

సెమికోలన్
మీ ఆయన మీద నాకు గౌరవం పెరిగిపోతోంది. నంబరివ్వరూ.

రాత్రి_డిప్లాయ్
నాకింకా అనుమానమే. కోడు రాయని ఆర్కిటెక్ట్‌ని నేను నమ్మను. వంతెన బొమ్మ గీసి, ఎప్పుడూ దానిమీద నడవనివాడు. కనీసం ఒక చిన్న మార్పు మొదటినుంచి చివరిదాకా, అంటే కోడు, టెస్టు, రివ్యూ, రిలీజు, తనే చెయ్యాలి. అప్పుడే మీ బిల్డు 40 నిమిషాలు పడుతుందని ఒంటికి తెలుస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పించుకుంటే తెలియదు.

ఒంటెద్దుబండి
@రాత్రి_డిప్లాయ్ ఇందులో మీతోనే ఉన్నాను. నేను మూడోవారంలో టీమ్‌లో ఒకరి పక్కన కూర్చుని ఒక బగ్గు సరిచేస్తాను. కీబోర్డు మాత్రం వాళ్ళ చేతిలోనే. నేను వెళ్ళాక ఆ కోడుతో ఉండాల్సింది వాళ్ళే.

తొమ్మిదిమందిమి
వారం తర్వాత వస్తున్నాను. చాలా జరిగింది.

మీరన్నట్టు "చివర్లో ఏమిస్తారు" అని అడిగాను. నవ్వి, "మొదటిరోజే అడుగుతారనుకున్నాను" అన్నాడు. రెండు రోజుల్లో 9 పేజీల రిపోర్టు వచ్చింది. నేను 60 స్లైడ్లు వస్తాయని భయపడ్డాను.

ముందు ఆ 11 సెకన్ల పేజీ. ఒక జూనియర్ని పక్కన కూర్చోబెట్టుకుని, డేటాబేస్‌కు వెళ్ళే ప్రతి ప్రశ్న (క్వెరీ) తెర మీద కనబడేలా లాగ్ తెరిచాడు. పేజీ ఒక్కసారి రిఫ్రెష్ చేస్తే 51 వరుసలు దొర్లాయి. 50 ఆర్డర్ల జాబితాకి ఒక క్వెరీ, ఆపైన ఒక్కో ఆర్డరులోని వస్తువులకు ఒక్కోటి. సరే, అది కొంతవరకు మాకు తెలుసు. తెలియనిది ఏంటంటే ఆ 50లో ఒక్కోటి 200 మిల్లీసెకన్లు తీసుకుంటోంది. వస్తువుల టేబుల్‌లో ఆర్డర్ ఐడీ ఫారిన్ కీ (ఆర్డర్ల టేబుల్‌కి ముడివేసేది) ఉంది, దాని మీద ఇండెక్స్ (పుస్తకం వెనక పదసూచిలాంటిది) లేదు. ఫారిన్ కీ పెడితే ఇండెక్స్ దానంతటదే వస్తుందని ఆరేళ్ళుగా అందరం అనుకుంటున్నాం. మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో రాదు. ప్రతిసారీ టేబుల్ మొత్తం ఈడుస్తోంది. ఇండెక్స్ పెట్టి, 51ని 2 క్వెరీలు చేశాక పేజీ 300 మిల్లీసెకన్లలో వస్తోంది. ఆ మార్పు రాసింది మా జూనియరే. ఆయన చెయ్యి పెట్టలేదు.

రెండోది, రద్దీ వేళల్లో "కనెక్షన్లు అయిపోయాయి" అని వచ్చే ఎర్రర్. బోర్డు మీద ఒక గుణకారం రాశాడు. 6 సర్వర్లు, ఒక్కోదానికి 20 కనెక్షన్లు, మొత్తం 120. డేటాబేస్ ఒప్పుకునేది 100. అందరం నోళ్ళు తెరిచాం. నాలుగో సర్వరు, ఐదోది, ఆరోది చేర్చినవాళ్ళలో ఎవరూ ఆ లెక్క వెయ్యలేదు. రద్దీ ఎక్కువైతే సర్వరు చేరుద్దాం అన్నది మా మందు. ఆ మందే రోగం.

లాగ్‌ఫైలు
100 పోస్ట్‌గ్రెస్ డిఫాల్టు. పెంచేద్దామని ఎవరైనా అన్నారా?

తొమ్మిదిమందిమి
అన్నది నేనే. ఒక్కో కనెక్షనుకు అక్కడ ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది, మెమరీ ఎక్కడినుంచి తెస్తారు అన్నాడు. ఒక్కో సర్వరుకు 20 నుంచి 12కి తగ్గించాం. ఎర్రర్లు ఆగాయి.

బగ్గులబుట్ట
తగ్గించమని చెప్పడానికి మనిషిని పెట్టుకున్నామని మీ యాజమాన్యానికి చెప్పకండి.

తొమ్మిదిమందిమి
యాజమాన్యం అసలు వేరే సంగతి మీద అలిగింది. వాళ్ళు ఈయన వచ్చి "మొత్తం తిరగరాయండి" అంటాడని ఆశపడ్డారు. రిపోర్టులో పెద్ద అక్షరాలతో "తిరగరాయొద్దు" అని ఉంది. బిల్లింగ్ భాగం ఒక్కటే పక్కన కొత్తగా కట్టి, పాతదాని దగ్గరికి వెళ్ళే పనిని కొద్దికొద్దిగా ఇటు మళ్ళించమన్నాడు. పాతది ఖాళీ అయ్యాక పీకెయ్యమన్నాడు.

క్యూలో_ఉన్నా
మంచి సలహా. నెట్‌స్కేప్ బ్రౌజర్ గుర్తుందా? 1997లో 4వ వెర్షన్, ఆ తర్వాత బయటికొచ్చింది 2000 చివర్లో, అదీ 6వ వెర్షన్. మధ్యలో మొదటినుంచి తిరగరాస్తూ కూర్చున్నారు. ఆ మూడేళ్ళు పోటీవాళ్ళు ఊరుకోలేదు కదా.

రాత్రి_డిప్లాయ్
నెట్‌స్కేప్ మునిగింది ఒక్క తిరగరాయడం వల్లే కాదు. అవతలివాడు బ్రౌజర్‌ను విండోస్‌తో ఉచితంగా ఇస్తున్నాడు.

క్యూలో_ఉన్నా
కాదనను. కానీ దెబ్బ తగులుతున్నప్పుడే మూడేళ్ళు చేతులు కట్టేసుకున్నారు.

పెరటిచెట్టు
@తొమ్మిదిమందిమి రిపోర్టులో మీవాళ్ళ పేర్లు ఉన్నాయా?

తొమ్మిదిమందిమి
ఉన్నాయి. రిలీజ్ ప్రక్రియ గురించి మా టెస్టర్ రెండేళ్ళ కిందట రాసిన మెయిల్ యథాతథంగా పెట్టి, కింద "దీనికి నేను చేర్చేదేమీ లేదు" అని రాశాడు. ఆమె ఆ పేజీ ప్రింటు తీసుకుంది.

పెరటిచెట్టు
సరే. ఈ ఒక్కాయన్ని వదిలేస్తున్నాను.

కాలినచెయ్యి
ఆయన వెళ్ళాక ఎలా మరి? మా దగ్గర అదే దెబ్బకొట్టింది. 23 ఎందుకో అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.

తొమ్మిదిమందిమి
ప్రతి పెద్ద నిర్ణయానికీ ఒక చిన్న ఫైలు, కోడు పక్కనే. అప్పటి పరిస్థితి ఏంటి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏం కోల్పోతాం. ఒకట్రెండు పేజీలు దాటకూడదు. మైఖేల్ నైగార్డ్ 2011లో చెప్పిన పద్ధతి ఇదేనట. మొదటి మూడూ ఆయన రాయించాడు, నాలుగోది మేమే రాశాం. రాస్తుంటే ఇద్దరికి గొడవైంది. రాయకపోతే ఆ గొడవ ఆర్నెల్ల తర్వాత ప్రొడక్షన్‌లో జరిగేది.

ఇంకా నెలకు 2 రోజులు ఉంచుకుందామా అని అడుగుతున్నారు. ఏమంటారు?

ఒంటెద్దుబండి
నా కడుపు మీద నేనే కొట్టుకుంటున్నాను కానీ, 3 నెలలు అని గడువు పెట్టండి. ఆ తర్వాత కూడా ప్రతి డిజైనుకూ ఆయన్ని అడుగుతున్నారంటే అది ఆయన ఫెయిలైనట్టు.

చిన్నక్షరాలు
వాడని రోజులు తర్వాతి నెలకు కలుస్తాయా లేదా రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే.

సెమికోలన్
అన్నీ సరే, నాకు మొదటినుంచీ ఒకటే ఆత్రం. స్టేటస్2 ఏంటి?

తొమ్మిదిమందిమి
అబ్బో. అదో కథ. ఎక్కడెక్కడ వాడుతున్నామో వెతికితే కోడంతటిలో ఒకే ఒక్కచోట తేలింది. రాత్రి 2 గంటలకు నడిచే ఒక రిపోర్టు. 40 నిమిషాలు నడుస్తుంది. అయ్యాక ఒక మెయిల్ అడ్రస్‌కి వెళ్తుంది. ఆ మనిషి కంపెనీ వదిలి నాలుగేళ్ళు. మెయిల్ రోజూ వెనక్కి తిరిగొస్తోంది, తిరిగొచ్చినవి పడే డబ్బా ఎవరూ తెరవరు.

బగ్గులబుట్ట
😂😂 నాలుగేళ్ళు రోజూ 40 నిమిషాలు!

రాత్రి_డిప్లాయ్
తీసేశారా?

తొమ్మిదిమందిమి
తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆయన "తీయకండి, ఊరికే ఆపి చూడండి, కావాల్సినవాళ్ళు అరుస్తారు" అన్నాడు. ఆపి 4 రోజులైంది. ఎవరూ అరవలేదు.

లాగ్‌ఫైలు
నెలాఖరు రానివ్వండి.